నొప్పికి విరుగుడు – 5: ఎల్బర్‌ఫెల్డ్‌లో చెరిపేసిన పేరు

గత భాగం డ్రెస్డెన్ పొలిమేరలోని ఒక కార్ఖానా దగ్గర ఆగింది. ఫినాల్‌నీ బొగ్గుపులుసు వాయువునీ కలిపి సాలిసిలిక్ ఆమ్లం చేసే దారిని హెర్మన్ కోల్బె కనిపెడితే, దాన్ని 1874లో పరిశ్రమగా నిలబెట్టినవాడు ఫ్రీడ్‌రిఖ్ ఫాన్ హైడెన్. అంతకుముందు విల్లో చెట్టు బెరడు నుంచి గ్రాముల్లో రాబట్టుకునే సరుకు, ఆ తర్వాత టన్నుల్లో బజారుకొచ్చింది. 1876లో రెండు కబుర్లు వైద్యలోకాన్ని కదిలించాయి. స్కాట్లండ్‌లోని డండీలో థామస్ మెక్‌లగన్ అనే వైద్యుడు విల్లో బెరడులోని సాలిసిన్‌తోను, బెర్లిన్ షారిటే ఆసుపత్రిలో స్ట్రికర్ అనే వైద్యుడు సాలిసిలిక్ ఆమ్లంతోను కీళ్ళవాతపు జ్వరాన్ని దించగలిగారు. వాచి, ఎర్రబడి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని కీళ్ళు కొద్దిరోజుల్లో మామూలుకొచ్చాయి. అంతకుముందు ఆ జబ్బుకు వైద్యులు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

మందు పనిచేసింది గాని తినడమే నరకమైంది. రోజుకు గ్రాముల లెక్కన మింగాలి. నాలుక మండేది, గొంతు మండేది, కడుపులో తిప్పేది, వాంతులయ్యేవి. మోతాదు పెరిగితే చెవుల్లో హోరు. సోడియం సాలిసిలేట్‌గా మార్చి ఇస్తే మంట కాస్త తగ్గింది గాని, దాని వెగటు తీపి రుచికి రోగులు మొహం తిప్పుకునేవారు. దీర్ఘకాలపు కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు నొప్పి కొన్నాళ్ళలో పోయేది కాదు, కాబట్టి మందూ నెలల తరబడి తినాల్సిందే. నొప్పి భరించడమా, మందు భరించడమా అన్న ఎంపిక రోగిదే అయ్యేది. 1876 నుంచి 1899 దాకా, ఇరవై మూడేళ్ళపాటు, యూరపులోని వాతరోగులు ఈ రెంటి మధ్య నలిగారు.

ఇందులో బాధపడవలసిన సంగతి ఇంకొకటుంది. వాళ్ళకు కావలసిన మందు అప్పటికే పుట్టి ఉంది. ఫ్రాన్స్‌లోని మోంపెల్యే నగరంలో షార్ల్ గెర్హార్ట్ అనే రసాయనవేత్త 1853లోనే సోడియం సాలిసిలేట్‌ను ఎసిటైల్ క్లోరైడ్‌తో కలిపి, అంత శుద్ధంగా కాకపోయినా, ఎసిటైల్ సాలిసిలిక్ ఆమ్లాన్ని చేశాడు. 1859లో ఫాన్ గిల్మ్, 1869లో కార్ల్ క్రౌట్, అతని సహచరులు ఇంకా మెరుగైన సరుకు తీశారు. గెర్హార్ట్‌కు అది మందు కాదు, ఆమ్లాల స్వభావం గురించి తన సిద్ధాంతాన్ని నిరూపించుకునే ఒక మెట్టు. చేశాడు, రాశాడు, ముందుకు సాగిపోయాడు. ఆ తెల్లని పొడిని రోగి నోట్లో వేసి చూడాలన్న ఆలోచన నలభై ఏళ్ళకు పైగా ఎవరికీ రాలేదు. రసాయనశాలకూ ఆసుపత్రికీ మధ్య ఆనాడు ఉన్న దూరం అది.

ఆ దూరాన్ని దాటించినది వైద్య కళాశాల కాదు, రంగుల కంపెనీ. రైన్‌లాండ్ ప్రాంతంలో వుప్పర్ నది ఒడ్డున బార్మెన్, ఎల్బర్‌ఫెల్డ్ అని జంట పట్టణాలు. రెండూ ఇప్పుడు వుప్పర్టాల్ నగరంలో కలిసిపోయాయి. నేతకూ అద్దకానికీ పేరుమోసిన చోటు. 1863లో రంగుల వ్యాపారి ఫ్రీడ్‌రిఖ్ బేయర్, అద్దకపు పనివాడు యోహాన్ ఫ్రీడ్‌రిఖ్ వెస్కాట్ కలిసి అక్కడ కంపెనీ పెట్టారు. తారు నుంచి రంగులు తీయడం వాళ్ళ పని. రెండు దశాబ్దాలు గడిచేసరికి జర్మనీ అంతా అలాంటి కంపెనీలే. ధరలు పడిపోయాయి. కొత్త సరుకు వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలో వాళ్ళకు దారి చూపింది ఒక పొరపాటు.

1886లో స్ట్రాస్‌బుర్గ్‌లో కాన్, హెప్ అనే ఇద్దరు యువవైద్యులు కడుపులో పురుగులున్న రోగికి నాఫ్తలీన్ ఇస్తున్నారు. పురుగుల మీద దాని ప్రభావం పెద్దగా లేదు గాని, జ్వరం మాత్రం చకచకా దిగింది. ఆశ్చర్యపడి ఆరా తీస్తే తేలిందేమిటంటే, మందుల దుకాణం నుంచి వచ్చింది నాఫ్తలీనే కాదు. రంగుల పరిశ్రమలో వాడే ఎసిటనిలైడ్ అనే పదార్థం పొరపాటున వచ్చింది. కాలె అనే కంపెనీ దానికి యాంటీఫెబ్రిన్ అని పేరు పెట్టి అమ్మకానికి పెట్టింది. రంగులు చేసే చోట దొరికే ముడిసరుకులో జ్వరం మందు దాగి ఉందన్న వార్త బేయర్ కంపెనీలో పరిశోధన వ్యవహారాలు చూస్తున్న కార్ల్ డూయిస్‌బర్గ్ చెవిన పడింది. అతని పెరట్లో రంగుల తయారీలో మిగిలిపోయిన పారానైట్రోఫినాల్ గుట్టలుగా పడి ఉంది. దాని నుంచి ఏదైనా తీయమని చెప్పాడు. ఫలితం 1888లో మార్కెట్లోకి వచ్చిన ఫినాసిటిన్. కంపెనీ దశ తిరిగింది.

యాంటీఫెబ్రిన్, ఫినాసిటిన్ రెండింట్లోనూ ఉమ్మడిగా ఉన్నది ఎసిటైల్ అనే చిన్న రసాయన గుంపు. ఘాటైన పదార్థానికి ఎసిటైల్ తగిలిస్తే అది మెత్తబడుతుందన్న నమ్మకం ఎల్బర్‌ఫెల్డ్‌లో బలంగా పాతుకుంది. తెలిసిన ప్రతి మందుకూ దాన్ని తగిలించి చూడటం అక్కడి వాడుకైంది. 1897 వేసవిలో ఏం జరిగిందో అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఒక మేధావికి మెరుపులా తట్టిన ఆలోచన కాదది; ఒక ప్రయోగశాల పద్ధతిగా చేసుకుపోతున్న పనిలో ఒక రోజు.

ఇక మనుషుల దగ్గరికి వద్దాం. ముగ్గురు ముఖ్యులు. ఆర్టూర్ ఐఖెన్‌గ్రూన్ 1867లో ఆహెన్ పట్టణంలో ఒక యూదు బట్టల వ్యాపారి ఇంట పుట్టాడు. 1896లో బేయర్‌లో చేరాడు. వచ్చిన కొద్దికాలంలోనే ప్రోటార్గాల్ అనే వెండి మందును తయారుచేశాడు. యాంటీబయాటిక్‌లు వచ్చేదాకా గనేరియాకు వైద్యులు దాని మీదే ఆధారపడ్డారు. చొరవ ఉన్నవాడు, పైవాళ్ళు కాదన్నంత మాత్రాన ఊరుకునే మనిషి కాదు. రెండోవాడు ఫెలిక్స్ హాఫ్‌మన్. 1868లో లుడ్విగ్స్‌బుర్గ్‌లో పుట్టాడు, మ్యూనిక్‌లో చదివాడు, అక్కడి ఆచార్యుడు అడాల్ఫ్ ఫాన్ బేయర్ సిఫారసుతో 1894లో కంపెనీలో చేరాడు. ఆ ఆచార్యుడికీ కంపెనీకీ ఇంటిపేర్ల పోలిక తప్ప చుట్టరికం లేదు. హాఫ్‌మన్ నెమ్మదైన మనిషి, చేతి పనిలో దిట్ట. మూడోవాడు హైన్‌రిఖ్ డ్రేజర్, ఔషధ పరీక్షల విభాగానికి అధిపతి. రసాయనవేత్తలు చేసిన ప్రతి కొత్త పదార్థమూ ముందు అతని విభాగానికి పోవాలి, అతను సరేనన్నాకే వైద్యుల చేతికి వెళ్ళాలి. కొత్త మందులను జంతువుల మీద క్రమపద్ధతిలో పరీక్షించే అలవాటును ఆ పరిశ్రమలోకి తెచ్చినవాళ్ళలో అతనొకడు. ఆ గౌరవం అతనికి ఇచ్చి తీరాలి, ఎందుకంటే ఇకమీద ఈ కథలో అతని పాత్ర అంత గొప్పగా కనిపించదు.

1897 ఆగస్టు 10న హాఫ్‌మన్ తన ప్రయోగశాల పుస్తకంలో ఎసిటైల్ సాలిసిలిక్ ఆమ్లం తయారీని రాసుకున్నాడు. ఆ పుస్తకం నేటికీ ఉంది. పద్ధతి చూస్తే చాలా సులువు. తర్వాత హాఫ్‌మన్ పేరు మీద వచ్చిన అమెరికన్ పేటెంట్‌లో ఉన్న లెక్క ఇది: 50 పాళ్ళ సాలిసిలిక్ ఆమ్లానికి 75 పాళ్ళ ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ కలిపి, ఆవిరి బయటకు పోకుండా మళ్ళీ ద్రవమై వెనక్కి వచ్చే ఏర్పాటుతో, 150 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేయాలి. చల్లారితే తెల్లని స్ఫటికాలు.

అవి శుద్ధమైనవో కావో తేల్చే పరీక్ష మన డిగ్రీ కెమిస్ట్రీ విద్యార్థులు చేసేదే. ద్రావణంలో ఫెరిక్ క్లోరైడ్ చుక్క వేస్తారు. సాలిసిలిక్ ఆమ్లం ఏ కొంచెం మిగిలి ఉన్నా ఊదా రంగు తిరుగుతుంది. హాఫ్‌మన్ సరుకులో రంగు రాలేదు. గెర్హార్ట్, క్రౌట్‌ల సరుకుకూ దీనికీ తేడా అంతా అక్కడే ఉందని బేయర్ ఆ తర్వాత కోర్టుల్లో వాదించింది. పాతవాళ్ళ సరుకులో విడి ఆమ్లం మిగిలేది. అది కడుపును కాలుస్తుంది. వీళ్ళది శుద్ధం, నిలవ ఉంటుంది. మందుగా పనికిరావడానికి ఆ శుద్ధే అసలు అర్హత కాబట్టి, ఈ వాదనలో కొంత నిజముంది.

పదకొండు రోజుల తర్వాత, ఆగస్టు 21న, అదే హాఫ్‌మన్ అదే ఎసిటైల్‌ను మార్ఫిన్‌కు తగిలించాడు. వచ్చింది డైఎసిటైల్ మార్ఫిన్. దాన్ని కూడా లండన్‌లో ఆల్డర్ రైట్ అనే రసాయనవేత్త 1874లోనే చేసి వదిలేశాడు. బేయర్ దానికి పెట్టిన పేరు హెరాయిన్. 1898లో దగ్గు మందుగా బజారులోకి వదిలింది. ఇరవయ్యో శతాబ్దపు అతి ప్రసిద్ధమైన మాత్ర, అతి భయంకరమైన మత్తుమందు ఒకే మనిషి చేతి మీదుగా, ఒకే నెలలో, ఒకే ఆలోచన పట్టుకుని వచ్చాయి. ఏది మేలు చేస్తుందో ఏది కీడు చేస్తుందో చెప్పవలసిన పదవిలో కూర్చున్నది డ్రేజర్. అతను హెరాయిన్‌ను నెత్తికెత్తుకున్నాడు. ఎసిటైల్ సాలిసిలిక్ ఆమ్లాన్ని పక్కకు తోసేశాడు.

తోసేయడానికి అతను చూపిన కారణం గుండె. సాలిసిలేట్లు గుండెను బలహీనపరుస్తాయన్న అభిప్రాయం అప్పటి వైద్యుల్లో ఉంది. కీళ్ళవాతపు జ్వరంలో రోగి గుండె అసలే దెబ్బతింటుంది, దానికి తోడు ఇచ్చే మోతాదులూ భారీ. అపోహకు పునాది అదీ. రసాయనవేత్తలు చేసిచ్చిన ఈ కొత్త పదార్థానికీ అదే దోషం అంటగట్టి డ్రేజర్ ఫైలు మూసేశాడు. మామూలుగా అయితే కథ అక్కడితో సరి. గెర్హార్ట్ పొడికి పట్టిన గతే దీనికీ పట్టేది.

పట్టలేదంటే, ఐఖెన్‌గ్రూన్ ఒప్పుకోకపోవడం వల్ల. తర్వాతి కాలంలో అతను రాసిన ప్రకారం జరిగింది ఇది. ముందు ఆ పొడిని తానే మింగి చూశాడు. గుండెకు ఏమీ కాలేదు. తర్వాత డ్రేజర్‌కు తెలియకుండా బెర్లిన్‌లో కంపెనీ ప్రతినిధిగా ఉన్న ఫెలిక్స్ గోల్డ్‌మన్‌కు కొంత పంపాడు. గోల్డ్‌మన్ తనకు తెలిసిన వైద్యులకు గుట్టుగా ఇచ్చి వాడి చూడమన్నాడు. వాళ్ళ కబుర్లు ఆశించినదానికన్నా బాగున్నాయి. కీళ్ళనొప్పులు తగ్గాయి, కడుపు మంట, చెవుల హోరు లేవు. ఒక దంతవైద్యుడు పంటినొప్పితో వచ్చిన రోగికి ఇస్తే నొప్పి వెంటనే పోయింది. అప్పటిదాకా సాలిసిలేట్లను వాతానికీ జ్వరానికీ మందుగానే చూశారు. ఏ నొప్పికైనా పనిచేస్తుందన్న సంగతి అక్కడ తెలిసింది. ఆస్పిరిన్ ఆస్పిరిన్‌గా మారిన ఘట్టం నా దృష్టిలో ఆగస్టు 10 కాదు, ఇది.

గోల్డ్‌మన్ నివేదిక ఎల్బర్‌ఫెల్డ్ చేరింది. డ్రేజర్ దాని మీద, ఇదంతా బెర్లిన్‌వాళ్ళ మామూలు గొప్పలేననీ సరుకులో పస లేదనీ తన చేత్తో రాసి తిప్పి పంపాడు. చివరికి డూయిస్‌బర్గ్ కలగజేసుకున్నాడు. మళ్ళీ పరీక్షలు చేయించాడు, ఈసారి మందు నెగ్గింది. 1899 జనవరిలో పేరు ఖాయమైంది: ఎసిటైల్‌లోని ‘అ’, సాలిసిలిక్ ఆమ్లానికి మెడోస్వీట్ మొక్క మీదుగా వచ్చిన ‘స్పిర్’ అనే పాత పేరు, చివర మందులకు తగిలించే ‘ఇన్’. మార్చి 6న బెర్లిన్ పేటెంట్ కార్యాలయంలో ఆస్పిరిన్ అన్న మాట బేయర్ సొత్తుగా నమోదైంది. హాలె పట్టణంలో కుర్ట్ విట్‌హావర్, బెర్లిన్‌లో యూలియస్ వోల్గెముట్ అనే వైద్యులు తమ రోగుల అనుభవాలను ఆ ఏడే పత్రికల్లో రాశారు. డ్రేజరూ ఒక వ్యాసం రాశాడు. వద్దన్నవాడే లోకానికి ఆస్పిరిన్‌ను పరిచయం చేశాడు. ఆ వ్యాసంలో హాఫ్‌మన్ పేరు లేదు. ఐఖెన్‌గ్రూన్ పేరూ లేదు.

డబ్బు విషయంలోనూ వాళ్ళకు అన్యాయమే జరిగింది. కంపెనీ ఒప్పందం ప్రకారం రసాయనవేత్తకు వాటా రావాలంటే సరుకుకు పేటెంట్ ఉండాలి. గెర్హార్ట్, క్రౌట్ ముందే చేసేశారు కనుక జర్మనీలో పేటెంట్ రాలేదు. రసాయనవేత్తలకు దక్కింది శూన్యం. డ్రేజర్ ఒప్పందం వేరు; తన విభాగం నుంచి బయటకు వెళ్ళిన ప్రతి మందు మీదా అతనికి వాటా ఉంది. తాను తిరస్కరించిన మందు మీద అతను సంపన్నుడయ్యాడు. బ్రిటన్‌లో పేటెంట్ దొరికింది గాని 1905లో అక్కడి న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. ఆ కేసులో ఎదుటి పక్షం మనం గత భాగంలో చూసిన హైడెన్ కంపెనీయే. అమెరికాలో మాత్రం 1900 ఫిబ్రవరి 27న హాఫ్‌మన్ పేరు మీద వచ్చిన పేటెంట్ 1917 దాకా నిలిచింది.

ఇక్కడ కాసేపు ఆగి ఒక శాస్త్ర విషయం చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ మందు ఎలా పనిచేస్తుందన్న దాని మీద ఎల్బర్‌ఫెల్డ్‌లో ఉన్నవాళ్ళందరి ఊహా తప్పే. వాళ్ళ దృష్టిలో ఎసిటైల్ చేదుమందు చుట్టూ చుట్టిన బెల్లం ముక్క లాంటిది. కడుపు దాటాక అది ఊడిపోతుంది, లోపల పనిచేసేది పాత సాలిసిలిక్ ఆమ్లమే. 1971లో లండన్‌లో జాన్ వేన్ చూపించింది వేరే. దెబ్బ తగిలినచోట వాపునూ నొప్పినీ పెంచే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆస్పిరిన్ ఆపుతుంది. వాటిని తయారుచేసే ఎంజైముకు ఆస్పిరిన్ తన ఎసిటైల్‌ను శాశ్వతంగా తగిలించి దాన్ని పనిచేయనివ్వదని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఎసిటైల్ కేవలం తొడుగు కాదన్నమాట. ఈ పనికి వేన్‌కు 1982లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

రక్తంలోని ప్లేట్‌లెట్లకు కేంద్రకం లేదు, కాబట్టి దెబ్బతిన్న ఎంజైమును అవి మళ్ళీ తయారుచేసుకోలేవు. వారం, పది రోజులు బతికినన్నాళ్ళూ ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టే శక్తి వాటిలో తగ్గిపోతుంది. గుండెపోటు వచ్చినవాళ్ళకు వైద్యులు రోజుకు 75 మిల్లీగ్రాముల చిన్న మోతాదు రాయడం అందుకే. తెలుగు ఇళ్ళలో ఎంతమంది పెద్దవాళ్ళ మందుల డబ్బాలో ఎకోస్ప్రిన్ ఉందో చూడండి. గుండెకు చేటని డ్రేజర్ తోసేసిన పొడే అది. మరో చేదు నిజం: కడుపు గోడను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లనూ అది ఆపేస్తుంది. కడుపుకు హాని లేకుండా చేద్దామని పుట్టించిన మందే కడుపులో పుండ్లు, రక్తస్రావం తెస్తుంది. డెంగీ కాలంలో జ్వరమొచ్చినప్పుడు ఆస్పిరిన్ వేసుకోవద్దని, పిల్లలకు జ్వరానికి ఇవ్వవద్దని వైద్యులు గట్టిగా చెప్పేది కూడా ఊరికే కాదు. వైద్యుణ్ణి అడగకుండా దీన్ని మొదలుపెట్టకూడదు, వైద్యుడు రాసినదాన్ని సొంతంగా మానేయకూడదు.

మళ్ళీ ఐఖెన్‌గ్రూన్ దగ్గరికి. 1908లో అతను బేయర్ వదిలి బెర్లిన్‌లో సొంత సంస్థ పెట్టాడు, సెల్లాన్ కంపెనీ. ఆ రోజుల్లో సినిమా ఫిల్ము నైట్రో సెల్యులోజుతో చేసేవారు. నిప్పు తగిలితే భగ్గుమనేది, థియేటర్లు తగలబడేవి. సులువుగా అంటుకోని సెల్యులోజ్ ఎసిటేట్ మీద అతను ఏళ్ళ తరబడి పనిచేశాడు. విమానాల రెక్కలకు కట్టిన బట్ట బిగుసుకోవడానికి పూసే సెల్లాన్ పూత అతనిదే. కరిగించిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి ఒత్తి వస్తువులు చేసే పద్ధతికి ఆద్యుల్లో అతనొకడు. అతని పేరు మీద 47 పేటెంట్లు ఉన్నాయి. ఎసిటైల్‌ను మందుల నుంచి ప్లాస్టిక్కుల దాకా నడిపించిన జీవితం అది. పేరు కోసం ఆస్పిరిన్‌ను పట్టుకుని వేలాడవలసిన అవసరం అతనికి లేదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

1933లో హిట్లర్ వచ్చాడు. 1934లో ఆల్‌బ్రెఖ్ట్ ష్మిట్ అనే రచయిత రసాయన పరిశ్రమ చరిత్ర మీద వేసిన పుస్తకంలో, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, ఆస్పిరిన్ పుట్టుక కథ మొదటిసారి అచ్చయింది. హాఫ్‌మన్ తండ్రి కీళ్ళవాతంతో బాధపడుతూ, సోడియం సాలిసిలేట్ తాగలేక, కడుపుకు పడే మందు కనిపెట్టమని కొడుకును అడిగాడట; కొడుకు కనిపెట్టాడట. ఈ రోజుకీ పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో, మన తెలుగు వ్యాసాల్లో కూడా కనిపించే కథ ఇదే. తండ్రి బాధ, కొడుకు ప్రేమ ఉన్నాయి కనుక మనసుకు హత్తుకుంటుంది. అయితే సంఘటన జరిగిన 37 ఏళ్ళ తర్వాత, ఒక అడుగు సూచికలో పుట్టిన కథ అది. అందులో యూదుడి పేరు లేకపోవడం అప్పటి జర్మనీలో ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు.

1938లో ఐఖెన్‌గ్రూన్ తన సంస్థను అమ్ముకోవలసి వచ్చింది. భార్య యూదురాలు కాకపోవడంతో కొంతకాలం బయట బతకగలిగాడు. 1941లో మ్యూనిక్‌లోని జర్మన్ మ్యూజియంలో రసాయనశాస్త్ర విభాగం. అక్కడ గాజుపెట్టెలో తెల్లని స్ఫటికాలు, కింద రాత: ఆస్పిరిన్, కనిపెట్టినవారు డ్రేజర్, హాఫ్‌మన్. అదే మ్యూజియం పెద్ద ద్వారం దగ్గర, ఆర్యులు కానివారికి ప్రవేశం లేదని మరో ఫలకం. ఈ రెండు ఫలకాల గురించి అతనే రాశాడు. మందును వద్దన్న డ్రేజర్‌ను కనిపెట్టినవాడిగా చూపించిన ఆ రాత అతన్ని ఎంత కోసి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

యూదు పురుషులందరూ తమ పేరుకు ‘ఇజ్రాయెల్’ అని చేర్చుకోవాలని నాజీ చట్టం. 1943లో ఒక ప్రభుత్వ అధికారికి రాసిన ఉత్తరంలో ఆ మాట రాయలేదన్న నేరానికి, డెబ్బై అయిదేళ్ళు దాటిన ఆ మనిషికి నాలుగు నెలల జైలు వేశారు. 1944 మేలో అదే నేరం మీద మళ్ళీ పట్టుకుని థెరీసియెన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి పంపారు. అక్కడి నుంచి అతను ఐజీ ఫార్బెన్‌కు ఉత్తరం రాశాడు. బేయర్ 1925 నుంచీ ఆ మహాసంస్థలో భాగం. ఆష్విట్జ్ పక్కనే మోనోవిట్జ్‌లో ఖైదీల చేత వెట్టిచాకిరీ చేయించుకున్న సంస్థ అదే. తాను ఆ కంపెనీకి చేసిన పనులను, ఆస్పిరిన్‌ను కూడా చేర్చి, వరసగా చెప్పి, తన విడుదలకు సాయం చేయమని అడిగాడు. సాయం అందలేదు. యుద్ధం ముగిసేదాకా శిబిరంలోనే ఉన్నాడు, ప్రాణాలతో బయటపడ్డాడు.

1949లో ‘ఫార్మట్సీ’ అనే జర్మన్ పత్రికలో ఆస్పిరిన్ యాభై ఏళ్ళ మీద అతని వ్యాసం వచ్చింది. తన మాట పూర్తిగా, ఆధారాలతో చెప్పుకున్నాడు: సాలిసిలిక్ ఆమ్లానికి మెరుగైన రూపం వెతకాలన్న పథకం తనది, హాఫ్‌మన్ తాను చెప్పిన ప్రయోగం చేశాడు, ఎందుకు చేస్తున్నాడో కూడా అతనికి తెలియదు. అదే ఏడు డిసెంబరు 23న ఐఖెన్‌గ్రూన్ చనిపోయాడు. హాఫ్‌మన్ అంతకు మూడేళ్ళ ముందే, 1946లో, స్విట్జర్లాండ్‌లో పోయాడు. పెళ్ళి చేసుకోలేదు, చాలాకాలం కంపెనీ మందుల అమ్మకాల విభాగం చూసి 1928లో విరమించాడు. తాను కనిపెట్టానని ఊరేగలేదు. కాబట్టి అతన్ని దొంగగా చూపడం కూడా అన్యాయమే.

ఎవరి మాట నమ్మాలి? బేయర్ కంపెనీ వాదన ఇది: ప్రయోగశాల పుస్తకంలో ఉన్నది హాఫ్‌మన్ చేతిరాత, అమెరికన్ పేటెంట్ అతని పేరు మీద ఉంది, 1897లో వాళ్ళిద్దరూ సమాన హోదాలో ఉన్నారు, ఐఖెన్‌గ్రూన్ అతనికి పై అధికారి కాదు. గ్లాస్గోలోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఔషధ చరిత్రకారుడు వాల్టర్ స్నీడర్ పాత కాగితాలు తిరగేసి, 2000 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీనికి ఎదురుగా రాశాడు. 1897లో ఆ ప్రయోగశాలలో సాలిసిలిక్ ఆమ్లపు రూపాలెన్నో ఇతర రసాయనవేత్తలు కూడా ఒకేసారి చేస్తున్నారని, అది ఒకరి ఇంటి అవసరం కాదు, పథకం ప్రకారం సాగిన పని అని చూపించాడు. ఐఖెన్‌గ్రూన్ చెప్పినదానిలో కాగితాలకు విరుద్ధమైనది ఏదీ అతనికి కనిపించలేదు.

నా మొగ్గు స్నీడర్ వైపే. ఆస్పిరిన్ విషయంలో ఫ్లాస్కులో ఏం జరిగిందన్నది చిన్న ప్రశ్న. అది 1853లోనే జరిగింది. వద్దన్నాక ఎవరు వదల్లేదన్నదే పెద్ద ప్రశ్న. ఆ వదలకపోవడానికి సంబంధించిన వివరాలన్నీ, గోల్డ్‌మన్, బెర్లిన్ వైద్యులు, డ్రేజర్ చేతిరాతతో సహా, ఐఖెన్‌గ్రూన్ మాటల్లోనే ఉన్నాయి. హాఫ్‌మన్ తరఫున అలాంటి కథ లేదు, తండ్రి కథ తప్ప. ఐఖెన్‌గ్రూన్ 1949 దాకా ఎందుకు ఆగాడని అడిగేవాళ్ళున్నారు. 1934లో బెర్లిన్‌లో ఉన్న యూదుడు ఏ పత్రికలో రాసుకోవాలో కూడా వాళ్ళే చెప్పాలి. పైగా అతను ఆగలేదు. 1944లో శిబిరం నుంచి రాసిన ఉత్తరంలోనే ఆ మాట ఉంది. అమెరికన్ పేటెంట్‌లో హాఫ్‌మన్ పేరు ఉండటం వాస్తవమే. ఆ కాగితం కనిపెట్టినవాడిగా ఒక పేరు చెబుతుంది, పట్టుబట్టినవాడి పేరు చెప్పదు.

స్నీడర్ వ్యాసం వెలువడ్డాక బేయర్ తన పాత వాదననే మళ్ళీ చెప్పింది. 2002లో అమెరికాలోని జాతీయ ఆవిష్కర్తల గౌరవ మందిరంలో ఆస్పిరిన్ పేరిట ఒకరిని చేర్చారు. ఆ పేరు ఫెలిక్స్ హాఫ్‌మన్.

వచ్చే భాగంలో మొదటి ప్రపంచ యుద్ధం. ఆస్పిరిన్‌కు ముడిసరుకైన ఫినాలే పేలుడు పదార్థాలకూ ముడిసరుకు. ఆ ఫినాల్ కోసం న్యూయార్క్‌లో సాగిన రహస్య వ్యాపారం, 1915 జూలై 24న నగరపు రైల్లో హైన్‌రిఖ్ ఆల్బర్ట్ అనే జర్మన్ అధికారి మరిచిపోయిన తోలు సంచితో బయటపడింది. బేయర్ చేతిలోంచి ఆస్పిరిన్ జారిపోవడం అక్కడే మొదలవుతుంది.

(సశేషం)